బతుకుతెరువు వదలకుండా బడిపంతులు కావడం కుదరదు

దుమ్ముగూడెం: ఏజన్సీ గ్రామాల్లో బడిపంతులు కొలువుకున్న విలువ వేరు. నెలనెలా జీతం రావడం ఒకటైతే, ఊరు విడిచి పోకుండా చేసుకోదగిన సర్కారు ఉద్యోగం కావడం ఇంకొకటి. ఇంటర్‌తో చదువు ఆపి ఆటో తోలుకునేవారు, కిరాణా దుకాణంలో పద్దులు రాసేవారు, ఎండాకాలం తునికాకు కల్లాల దగ్గర లెక్కలు చూసేవారు ముప్పయ్యేళ్ళు దాటిన తర్వాత కూడా ఈ ఉద్యోగం వైపు చూడడానికి కారణం ఇదే.

వయసు వారికి పెద్ద అడ్డు కాదు. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు వెలువడిన డి.ఎస్‌.సి. ప్రకటనలో గరిష్ఠ వయసు 46 ఏళ్ళు. గిరిజనులకు మరో 5 ఏళ్ళ సడలింపు ఇచ్చారు. అడ్డల్లా శిక్షణ దగ్గరే వస్తున్నది.

ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు కావాలంటే ఊళ్ళో ఇప్పటికీ టి.టి.సి. అని పిలిచే డి.ఎల్‌.ఇడి. కోర్సు చదవాలి. ఇది రెండేళ్ళ కోర్సు. రోజూ కాలేజీకి పోవాలి. ఆ తర్వాత టెట్, ఆపైన డి.ఎస్‌.సి. ఇద్దరు పిల్లల తండ్రి రెండేళ్ళపాటు కూలి మానుకొని తరగతి గదిలో కూర్చుంటే ఇల్లు గడిచేదెట్లా? పెళ్ళయిన ఆడవారికైతే పసిబిడ్డను ఎవరి దగ్గర వదలాలన్నది మొదటి ప్రశ్న.

దగ్గరి దారి దొరుకుతుందేమోనని వెతకడం సహజం. డిగ్రీ ఉన్నవారు బి.ఇడి. చేస్తే చిన్న బడికైనా, పెద్ద బడికైనా పనికివస్తుందనుకుంటారు. 2018 నుంచి కొంతకాలం ఆ వీలు ఉన్న మాట నిజమే. కాని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బి.ఇడి. వారికి 1 నుంచి 5 తరగతుల బోధనకు అర్హత లేకుండా పోయింది. ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే సరిపోతుందన్న ప్రచారం వినిపిస్తే నమ్మి డబ్బు కట్టవద్దు. ఆ తీర్పుకు ముందే నియామకం పొందిన బి.ఇడి. ఉపాధ్యాయుల కోసం పెట్టిన కోర్సు అది. కొత్తగా వచ్చేవారికి వర్తించదు. దూరవిద్యలో బి.ఇడి. ఉన్నది గాని, అదీ ఇదివరకే ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికే. అప్పు చేసి ఫీజు కట్టాక ఈ సంగతి తెలిస్తే ఆ డబ్బు తిరిగి రాదు.

పని చేసుకుంటూ శిక్షణ పొందే ఏర్పాటు ఎన్నడూ లేదనడానికి లేదు. 2017లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, శిక్షణ లేకుండా పాఠాలు చెబుతున్నవారికి 2019 మార్చి 31 వరకు గడువిచ్చారు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా దేశమంతటా 13 లక్షలకు పైగా అందులో చేరారు. అయితే అప్పటికే బడిలో ఉన్నవారి కోసం పెట్టిన ఏర్పాటు అది. 18 నెలల ఆ చదువు రెండేళ్ళ కోర్సుకు సమానమా కాదా అన్న తగవు కోర్టులదాకా పోయింది.

ఇంకా వెనక్కి పోతే మార్లవాయి ఉన్నది. ఆదిలాబాద్ అడవుల్లోని ఆ గోండు గూడెంలో 1943లో హైమండార్ఫ్ దొర పూనికతో నిజాం ప్రభుత్వం ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టింది. కాస్తో కూస్తో చదవడం వచ్చిన గోండులను పిలిచి, గోండి భాషలోనే వాచకాలు తయారుచేయించి, పంతుళ్ళుగా తీర్చిదిద్దారు. అక్కడ చదివిన కొందరు పట్వారీలు కూడా అయ్యారు. మన భద్రాచలం తాలూకా అప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో గదా!

అట్లాగని ఈనాడు రెండేళ్ళ శిక్షణ దండగ అని ఈ విలేఖరి అనడు. కోర్సులో 20 వారాలు బడికి పోయి, పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలి. పిల్లవాడి మనసు ఎట్లా పనిచేస్తుందో, చదవలేనివాడిని ఎక్కడ పట్టుకొని నడిపించాలో నేర్చుకునేది అప్పుడే. లెక్కలు వచ్చినంత మాత్రాన లెక్కలు చెప్పడం రాదు. కోయ మాట తప్ప తెలుగు రాకుండా ఒకటో తరగతిలో కూర్చునే బిడ్డకు, తెలుగు తప్ప కోయ రాని పంతులు చెప్పేది సగమైనా చేరదు. 2004లో కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలతో బోధన మొదలుపెట్టింది ఇందుకే. అడవిలో బతికి, నాలుగు పనులు చేసి, కోయ మాట్లాడగల మనిషికి శిక్షణ కూడా తోడైతే ఆ బడికి అంతకన్నా ఏమి కావాలి?

2000 జనవరి 10న వచ్చిన 3వ నంబరు జి.ఓ. ఏజన్సీలో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ అండ పోయాక, శిక్షణలో వెనకబడితే పోటీలోనూ వెనకబడినట్లే. కుటుంబం ఉన్నవారికి చదివినంతకాలం నెలకింత భృతి, భద్రాచలంలో తల్లులు బిడ్డలతో ఉండగల వసతి కల్పించే సంగతి ఐ.టి.డి.ఎ. ఆలోచించవలసి ఉన్నది. ఏటా జరిగే ఖర్చుల్లో ఇది పెద్దదేమీ కాబోదు.

చేరదలచినవారు ముందుగా ఇంటర్ మార్కుల జాబితా తీసి చూసుకోవాలి. డీసెట్ ప్రవేశపరీక్షకు ఇతరులకు 50 శాతం, ఎస్‌.సి., ఎస్‌.టి.లకు 45 శాతం మార్కులుండాలి. శిక్షణ తర్వాత రాసే టెట్‌లో 150 మార్కులకు గిరిజనులకు 60 వస్తే చాలు. అయితే ఆ మార్కుల్లో 20 శాతం వెయిటేజి డి.ఎస్‌.సి.లో కలుస్తుంది గనుక, అరవైతో ఆగినవారు ఎంపిక జాబితాలో అడుగున పడతారు.