పగడపు తోటకు సున్నపు తేట

పగడమనగానే మనకు నవరత్నములలోని యెఱ్ఱని పూస స్ఫురించును గాని, సముద్రగర్భమున దిబ్బలు దిబ్బలుగా పెరుగు రాతిపగడమును కట్టునది కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే గల మెత్తని ప్రాణి. అది తన యింటికి వలసిన రాతిని ఎక్కడినుండియో మోసికొని రాదు. చుట్టునున్న నీటినుండియే కాల్షియమును, కార్బొనేటును గ్రహించి, అరగొనైటను ఖనిజముగ మార్చి, తన క్రింద తానే పొరలు పొరలుగా పేర్చుకొనును. సముద్రపు నీట లీటరునకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. సముద్రము అపారము గనుక ఎంత వాడుకొన్నను తరుగు కానరాదు. ఇంటిలోని 100 లీటర్ల గాజుతొట్టియం దట్లు గాదు. పగడములు చక్కగా పెరిగినకొలది నీరు సారము కోల్పోవుచుండును. ఆ లోటును కనిపెట్టి పూరించుటయే పెంపకందారుని ధర్మము.

మన దేశమున రాతిపగడములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ కలదు. సముద్రమునుండి వానిని విఱిచి తెచ్చుట నేరము. ఇచట చెప్పునది అమెరికా, జర్మనీ వంటి దేశములలో తొట్లయందే మొలకెత్తించిన కొమ్మలను ఇంట పెంచువారి విద్య.

పసుపులో సున్నము కలియగానే పారాణి యెఱ్ఱబాఱుట ప్రతి శుభకార్యమునందును మనము చూచునదే. కంటికి కానరాని గుణమును రంగు పట్టియిచ్చు ఆ మర్మమే కాల్షియపు పరీక్షకును ఆధారము. చిన్న గాజుగొట్టములో 5 మిల్లీలీటర్ల తొట్టినీరు పోసి, తీక్ష్ణమైన క్షారమును కొన్ని చుక్కలు వేసినచో, మెగ్నీషియము సన్నని తెల్లని మబ్బువలె విడివడి అడ్డు తొలగును. పిమ్మట సూచికను కలుపగా నీరు గులాబిరంగు దాల్చును. అంతట ఇ.డి.టి.ఎ. ద్రావణమును సిరంజితో చుక్క చుక్కగా విడుచుచు, గొట్టమును మెల్లగా త్రిప్పుచుండవలెను. ఆ ద్రావణము కాల్షియమును కొంచెము కొంచెముగా బంధించును. మిగిలినది సైతము బంధింపబడగానే గులాబి ఊదయై, ఊద నిర్మలమైన నీలమగును. ఎంత ద్రావణము పట్టెనో దానినిబట్టియే లెక్క. తొందరపడి రెండు చుక్కలు ఎక్కువ వేసినవానికి లేని కాల్షియము ఉన్నట్లు తోచును.

లీటరునకు 400 నుండి 450 మిల్లీగ్రాముల వఱకు ఉండుట శ్రేయస్కరము. అయినను కాల్షియము ఒంటరిగా నడువదు. నీటిలోని కార్బొనేటు పాలును తెలుపు క్షారత దానికి జోడు. లీటరునకు 20 మిల్లీగ్రాముల కాల్షియము రాయిగా మాఱునప్పుడు, జర్మను డిగ్రీలలో కొలుచు క్షారత 2.8 డిగ్రీలు తరుగును. 420లో 20 పోయినను లోటు తెలియదు. 8 డిగ్రీలలో 2.8 పోయినచో మూడవవంతుకు పైగా పోయినట్లే. కావుననే అనుభవజ్ఞులు కాల్షియముకంటె క్షారతను తఱచుగా కొలుతురు.

లోటు పూరించు ఉపాయములలో మనకు చిరపరిచితమైనది సున్నపు తేట. 1970లలో పేటర్ విల్కెన్స్ దీనిని పగడపు తొట్లకు ప్రచారము చేసెను. జర్మను భాషలో దీనిపేరు కాల్క్‌వాసర్. శుద్ధమైన సున్నమును మంచినీట కలిపి, మడ్డి దిగిన పిదప, పైతేటను రాత్రివేళ బొట్టుబొట్టుగా విడుతురు. చీకటిలో నీటి ఆమ్లత కొంత హెచ్చును గనుక ఆ తేట దానినికూడ సరిదిద్దును. లోటు పెద్దదైనచో కాల్షియము క్లోరైడును వాడుదురు. 100 లీటర్ల నీటిని 380 నుండి 420కి తేవలెనన్న వలసినది 4 గ్రాముల కాల్షియము, అనగా స్ఫటికజలము గల క్లోరైడు సుమారు 15 గ్రాములు. దానిని రెండుమూడు దినములకు పంచి వేయుట మేలు. కాల్షియమును, క్షారతను ఒక్కమాఱుగా విపరీతముగా పెంచినచో రెండును నీటిలోనే కలిసి తెల్లని మంచువలె రాలిపోవును. పగడమునకు అందవలసిన రాయి అడుగున మట్టియగును.

కావున కొలువక కలుపరాదు, కొలిచినది వ్రాయక విడువరాదు. ఏమియు కలుపని వారములో ఈ సోమవారము 430, వచ్చు సోమవారము 415 అని పుస్తకమున వ్రాసికొన్నచో, నడుమ తరిగిన 15 వట్టి నష్టము కాదు. 100 లీటర్ల తొట్టిలో అది గ్రామున్నర కాల్షియము. పగడపు కొమ్మలపై ఆ వారమున పేరిన దాదాపు నాలుగు గ్రాముల క్రొత్త రాయి.