ఆ కొరడా చూసి ఎవరికి నవ్వొచ్చింది?

రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం దగ్గర చాయ్ తాగుతుంటే, పక్కనున్న కుర్రాడు ఒక 'కోటా డాక్టర్' జోకు చెప్పాడు. అందరూ నవ్వారు. మేమిద్దరం నవ్వలేదు. "ఏందన్నా, సమజ్ గాలేదా?" అని అడిగాడు. సమజైంది. అందుకే నవ్వు రాలేదు.

అసలు నవ్వు ఎక్కడ పుడుతుంది? ఉత్కంఠగా ఎదురుచూసింది ఒక్కసారిగా ఉత్తదైపోతే నవ్వొస్తుందని 1790లో కాంట్ రాశాడు. కానీ అనుకున్నది తప్పిన ప్రతిసారీ మనం నవ్వం. కాలుజారి పడినవాడు లేచి దులుపుకుంటే నవ్వుతాం, తల పగిలితే పరిగెత్తుతాం. ఒక కట్టుబాటు చెదరాలి, అయినా హాని లేదనిపించాలి, అప్పుడే నవ్వొస్తుందని 2010లో మెక్‌గ్రా, వారెన్ అనే పరిశోధకులు వివరించారు.

హాని లేదని ఎవరికి అనిపించాలి? అసలు ప్రశ్న ఇదే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

1949లో శంకర్ వేసిన కార్టూన్ చూడండి. రాజ్యాంగమనే నత్త మీద అంబేడ్కర్ కూర్చున్నారు. వెనక నెహ్రూ కొరడా ఎత్తారు. జనం చూస్తున్నారు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలోని ఈ బొమ్మపై 2012లో పార్లమెంటు దద్దరిల్లింది. కొరడా నత్త మీదికేనని సమర్థించినవారు అన్నారు. కావచ్చు. కొరడా గురించి కథల్లో మాత్రమే విన్నవారికి అది బొమ్మే. తాతల వీపుల మీద దాని గుర్తులు చూసిన ఇళ్లలో కాదు.

ఒక్క కార్టూన్‌ను సరదా అని కొట్టిపారేయవచ్చు. తెలుగు కార్టూనిస్టు, పరిశోధకుడు ఉన్నమటి శ్యామసుందర్ 1932-56 మధ్య ఇంగ్లీషు పత్రికల్లో అంబేడ్కర్‌పై వచ్చిన వందకు పైగా కార్టూన్లను వెతికి తీసి, 2019లో 'నో లాఫింగ్ మ్యాటర్' పుస్తకంగా తెచ్చారు. అన్నీ పక్కపక్కన పెడితే సరదా వెనకున్న అలవాటు బయటపడుతుంది.

కోటా జోకూ అంతే. మన చేతికి స్టెతస్కోపు నప్పదని ముందే నమ్మినవారికే అందులో నవ్వుంది. ఆ నమ్మకం తీసేస్తే మిగిలేది ఒక డాక్టరు, ఒక రోగి.

మనకు నవ్వడం రాదని కాదు. దొర నడకను, దొర దర్పాన్ని అనుకరించి మన వాడలు కడుపుబ్బ నవ్వుకున్నాయి. ఆ నవ్వుకు దొర గింజ కూడా నష్టపోలేదు. కోటా జోకుకు మాత్రం మన పిల్లలు క్లాసులో తలదించుకుంటున్నారు.

ఈసారి ఎవరైనా "సరదాకన్నా" అంటే ఒక్కటే అడగండి: "దీనికి నవ్వాలంటే ముందు ఏం నమ్మాలి?" ఆ కుర్రాడినీ అదే అడిగాం. చెప్పబోయి, మధ్యలో ఆగిపోయాడు.