జూరీ పిలుపు – మన స్త్రీలు

అమెరికాలో పౌరసత్వము పొంది స్థిరపడిన తెలుగు స్త్రీలకు అప్పుడప్పుడు న్యాయస్థానమునుండి యొక జాబు వచ్చుచుండును. ఫలానా దినమున వచ్చి జూరీలో కూర్చుండవలయునని దాని తాత్పర్యము. శాంతిపురములోనో కుప్పములోనో ఉన్న తల్లికి కూతురు ఈ సంగతి ఫోనులో చెప్పినచో ముందుగా గుండె గుభేలుమనును. కోర్టు పిలుపనిన ముద్దాయికో, సాక్షికో, గట్టు తగవులో చిక్కినవారికో వచ్చునది గదా! తీర్పు చెప్ప రమ్మని గృహిణిని పిలుచుట మన యెరుకలో లేదు.

లేకుండుటకు కారణము కలదు. ఆంగ్లేయుల కాలమున మన దేశములో సెషన్సు విచారణలు కొన్ని జిల్లాలలో జూరీతోను, తక్కినచోట్ల అసెసర్లతోను జరుగుచుండెను. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు ఈ పనికి 21 మొదలు 60 ఏండ్లవరకు గల పురుషులనే పేర్కొనెను. చంపబడినది స్త్రీ కావచ్చును, ముద్దాయి స్త్రీ కావచ్చును. తీర్పరుల బల్లపై మాత్ర మామెకు చోటు లేదు. అసెసర్ల కొలువైనను పేరునకే. వారి యభిప్రాయమునకు జడ్జి కట్టుబడ నక్కర లేదు. కుప్పమువాడు రైలున చిత్తూరు చేరవలెనన్న జోలారుపేట, కాట్పాడి చుట్టి పోవలయును. అంత శ్రమపడి పోయి చెప్పిన మాట గాలికి పోవునన్న నెవరికి ఉత్సాహ ముండును?

1955 సవరణతో అసెసర్లు పోయిరి. జూరీ పోవుటకు నానావతి వ్యాజ్యమే కారణమని పలువురు చెప్పుదురు. 1959లో బొంబాయిలో నౌకాదళోద్యోగి నానావతి తన భార్య స్నేహితుని కాల్చి చంపెను. పత్రిక యొకటి అతని పక్షమున గొంతెత్తెను. ఊరంతయు అతనిని వీరునిగా కొనియాడెను. జూరీలోని తొమ్మండుగురిలో ఎనమండుగురు నిర్దోషి యనిరి. జడ్జి సమ్మతింపక హైకోర్టునకు నివేదించెను. హైకోర్టు శిక్ష విధించగా 1961లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. అయితే జూరీని తీసివేయుమని లా కమిషను అంతకు ముందే, 1958లో, చెప్పియుండెను. 1973 నాటి క్రొత్త కోడులో దానికి చోటు లేకపోయెను. ఆ కోడు 1974 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను. పార్సీల వివాహ వ్యాజ్యములలో మాత్రము జడ్జితో కూర్చుండు ప్రతినిధులు నేటికిని చట్టములో నిలిచియున్నారు.

జూరీ పోయినందుకు మేము కన్నీరు పెట్టము. కాని ఆ పద్ధతిలో మాకు నచ్చిన నియమ మొకటి కలదు. జూరీలోనివారు విచారణ ముగియువరకు ఆ వ్యాజ్యమునుగూర్చి ఇంట భర్తతోనైనను ముచ్చటింపరాదు, పత్రికలో చదువరాదు. ఇరుపక్షములను కడదాక వినవలయును. మన రచ్చబండలకడ, కొళాయిలకడ ఈ నియమ మెక్కడిది? పుట్టింటికి వచ్చిన పడుచు గడప దాటకమునుపే ఆమెపై తీర్పు సిద్ధమగును. ఆమె వాఙ్మూలము నడిగినవా రుండరు. అమెరికాలోనైనను స్త్రీలకు జూరీలో చోటు సులభముగా రాలేదు. ఫెడరలు కోర్టులలో వారి యర్హతకు 1957 వరకు రాష్ట్రముల అడ్డంకు లుండెను. జూరీ జాబితాలనుండి స్త్రీలను తొలగించుట చెల్లదని అచటి సుప్రీంకోర్టు 1975లో తీర్పు చెప్పెను.

మనకు జూరీ లేకున్నను తగవు తీర్చు బల్లపై స్త్రీ కూర్చుండు తావొకటి కలదు. అదియే లోకదాలతు. 1987 నాటి చట్టముచే ఏర్పడిన ఈ సభలో న్యాయాధికారితోపాటు న్యాయవాదియు సంఘసేవకులును కూర్చుందురు. ఆ సంఘసేవకురాలు మన సోదరియే కావచ్చును. ఆ చట్టమే స్త్రీకి, ఆదాయ మెంతయున్నను, ఉచితముగా న్యాయవాదిని ఇచ్చును. 15100 అను నెంబరునకు ఫోనుచేసిన దారి చెప్పుదురు. సాక్ష్యమునకై పోలీసులు స్త్రీని ఠాణాకు రప్పింపరాదు, ఆమె యింటనే విచారింపవలయును. 2024 జూలై 1 నుండి అమలైన క్రొత్త సంహితలోను ఈ రక్షణ యున్నది. కోర్టు సమను మాత్రము వేరు. దానికి పోక తప్పదు.

ఒక్కమాట జాగ్రత్తగా వినవలయును. లోకదాలతు తీర్పుపై అప్పీలు లేదు. అది రాజీ గనుక ఉభయుల సమ్మతిలేనిదే కుదరదు. మామగారు తొందరించిరనియో, మనోవర్తి వదలుకొన్న పోరు తీరుననియో చేవ్రాలు చేయరాదు. మన సీమలో తెలుగు, తమిళము, కన్నడము మూడును కలిసిమెలిసి యున్నవి. కాగితమును తనకు తెలిసిన భాషలో చదివి వినిపింపుమని అడిగి, నెల కెంత, ఏ తేదీకి, పిల్ల లెవరికడ నుందురో విని, పిమ్మట కలము పట్టవలయును.