సోలలో మానెడు

పిల్లలూ! పూర్వం మన పల్లెల్లో బియ్యం దేనితో కొలిచేవారో ఇంట్లో పెద్దవారిని అడగండి. గిద్దె, సోల, మానిక, కుంచం అని చెబుతారు. సోలలో మానెడు బియ్యం పోస్తే ఏమవుతుంది? పట్టినన్ని పట్టి, మిగిలినవి నేల మీద పడతాయి గదా!

జావా అనే కంప్యూటరు భాషలో ధన, ఋణ పూర్ణాంకాలను ఉంచడానికి ఇటువంటి పాత్రలు నాలుగు ఉన్నాయి. అవి బైట్, షార్ట్, ఇంట్, లాంగ్. ఇవి భాషలోనే ఉన్నవి. మనం తయారు చేయనక్కరలేదు. కంప్యూటరు ప్రతి సంఖ్యనూ 0, 1 లతోనే వ్రాసుకుంటుంది. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క గడి కావాలి. ఆ గడి పేరు బిట్. బైట్‌లో 8 బిట్లు, షార్ట్‌లో 16, ఇంట్‌లో 32, లాంగ్‌లో 64 ఉంటాయి. 8 గళ్ళను 256 విధాలుగా నింపవచ్చు. అందులో సగం ఋణసంఖ్యలకు పోతాయి. కాబట్టి బైట్‌లో −128 మొదలు 127 వరకే పడతాయి. ఇంట్‌లో 2,14,74,83,647 వరకు పడతాయి.

ఇంట్‌లోని ఆ ఆఖరి సంఖ్యకు ఒకటి కలపండి. బియ్యమైతే ఒలికినట్లు కంటికి కనబడతాయి. జావా మాత్రం ఏమీ ఎరగనట్లు −2,14,74,83,648 అని జవాబిస్తుంది! పాత కార్లలో మైళ్ళు చూపే చక్రం 99999 తరువాత 00000కు తిరిగినట్లే ఇదీను. తప్పు జరిగిందని ఒక్క మాటైనా చెప్పదు. ఇది దాని లోపమనే నేనంటాను.

ఇటువంటి పొరపాటు ఎంత నష్టం తెస్తుందో చూడండి. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుండి ఏరియేన్ 5 రాకెట్టు మొదటిసారి ఎగిరింది. దాని కంప్యూటరు ఒక పెద్ద విలువను 16 బిట్ల పాత్రలో పోయబోయింది. అందులో 32,767కు మించి పట్టదు. ఆ ప్రోగ్రాము జావాలో కాదు, ఏడా అనే భాషలో వ్రాసినది. ఏడా తప్పును కనిపెట్టింది. కాని కనిపెట్టాక ఏమి చేయాలో ఎవరూ వ్రాసి ఉంచలేదు. కంప్యూటరు ఆగిపోయింది. తోడుగా ఉంచిన రెండవ కంప్యూటరు కూడా అదే కారణంతో ఆగింది. బయలుదేరిన సుమారు 40 సెకన్లకే రాకెట్టు ముక్కలైంది. మనుషులెవరూ లేరు గాని, నాలుగు ఉపగ్రహాలు పోయాయి.

జావాలో ఎక్కువగా ఆబ్జెక్టులతో పని. ఆబ్జెక్టు అంటే సమాచారమూ, దానితో చేయగల పనులూ కలిపి కట్టిన మూట. ఇంట్ మూట కాదు, ఉత్త సంఖ్య. అందుకే లెక్క త్వరగా సాగుతుంది. మూటలనే పుచ్చుకొనే చోట ఇంట్‌ను ఇంటీజర్ అనే మూటలో కడతారు. మూట కట్టినా లోపల ఉన్నవి 32 బిట్లే సుమా! ఎంత పెద్ద సంఖ్యకైనా చోటు కావాలంటే బిగ్‌ఇంటీజర్ ఉంది. అది అవసరాన్ని బట్టి పెరుగుతుంది, కాని పని కాస్త నెమ్మది.

ఒక బడిలో 200 మంది పిల్లలు ఉన్నారు. ఆ సంఖ్యకు బైట్ చాలుతుందా? మీ నోటుపుస్తకంలో వ్రాయండి.