దసరాకు కొన్న కారు.. దీపావళికి ఊరొచ్చింది!

కర్ఖేలిలో 150 గుర్రాల సెడాన్

కర్ఖేలి: "కితీలా ఘెత్లీ?" చాయ్ హోటల్ ముందు కారు ఆగీ ఆగకముందే వచ్చిన మొదటి ప్రశ్న ఇదే. ఎంతకు కొన్నవని మరాఠీలో అడిగితే జవాబు మాత్రం తెలుగులో వచ్చింది. "కాకా, రేటు తర్వాత. ముందుగాల కూసో, ఒక్క రౌండ్ కొట్టొద్దాం". కాకా కూర్చున్నారు. ఊరి బయటి దాకా పోయి తిరిగొచ్చారు. దిగాక రేటు మళ్లీ అడగలేదు. టోపీ సర్దుకుని "ఇది గాడీ కాదురా, తాడు తెంపుకున్న కోడె" అన్నారు. హోటల్ ముందు ఒకటే నవ్వు.

ఉమ్రి, ధర్మాబాద్ నడుమ రైలు మార్గం మీదున్న కర్ఖేలికి కార్లు కొత్త కాదు. కానీ ఇది వేరే రకం. ఇంటిల్లిపాదీ తిరగడానికి నాలుగు తలుపులు, వెనక డిక్కీ. చూస్తే మామూలు సెడానే. కాలు గట్టిగా వేస్తే మాత్రం వీపు సీటుకు అతుక్కుంటుంది. యజమాని వయసు 32. మిర్చి మార్కెట్‌కు పేరున్న ధర్మాబాద్‌లో వ్యాపారం చేస్తారు. సరుకు కోసం నిజామాబాద్, వరంగల్ దాకా తిరుగుతుంటారు. కారు గురించి ఎంతసేపైనా చెబుతారు గానీ పేరు మాత్రం పత్రికలో వద్దన్నారు. ఎందుకన్నది కింద తెలుస్తుంది.

75 నుంచి 150కి..

ఇంతకుముందు ఆయన దగ్గరున్నది పాత డీజిల్ డిజైర్. దాని బలం 75 గుర్రాలు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన రావడంతో ఆ కంపెనీ డీజిల్ కార్లు మానేసింది. ఇక కొంటే పెట్రోలే అనుకున్నప్పుడు ఆయన కన్ను స్కోడా స్లావియా 1.5 మీద పడింది. ఇంజిన్ 1,498 సీసీ. బలం 150 గుర్రాలు. అంటే పాతదానికి సరిగ్గా రెట్టింపు!

ఇంత చిన్న ఇంజిన్‌కు అంత బలం ఎక్కడిది? కమ్మరి కొలిమిని గుర్తు తెచ్చుకుంటే చాలు. తిత్తి ఊదితే బొగ్గు భగ్గుమంటుంది. ఇక్కడ ఆ తిత్తి పనిని టర్బో చేస్తుంది. సైలెన్సర్ గుండా ఊరికే పోవాల్సిన పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది. లాగే శక్తి 250 న్యూటన్ మీటర్లు. నిమిషానికి 1,600 తిరుగుళ్ల దగ్గరే అదంతా చేతికి వస్తుంది. అందుకే ట్రాక్టర్ నడిపినవాళ్లకు కూడా కింది నుంచే వచ్చే ఈ లాగుడు నచ్చుతోంది.

ఇంకో విశేషం. సాఫీ రోడ్డు మీద నిదానంగా పోతుంటే నాలుగు సిలిండర్లలో రెండు పనిచేయడం మానేస్తాయి. కాలు వేయగానే మళ్లీ లేస్తాయి. "నాలుగెద్దుల బండిల రెండు పండుకున్నట్టు. పండుకున్నయని మనకు ఎరుక గూడ కాదు" అంటున్నారు యజమాని. ఆయన లెక్కలో ఊళ్లో, బజార్లో తిరిగితే లీటరుకు 11, పెద్ద రోడ్డు మీద 80కి మించకుండా పోతే 17 కిలోమీటర్లు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో సత్తువ పెట్రోలు కంటే తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజమే. చెరకు పండే ప్రాంతం వాళ్లు దానికి మరీ అంతగా గొణగరు లెండి!

దసరా నాడు కొన్నా..

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. ఈ తరగతి కార్లపై 45 శాతం ఉన్న పన్ను 40కి దిగింది. అక్టోబర్ 2న దసరా. మంచి రోజు, తగ్గిన ధర రెండూ కలిసొచ్చాయి. నిజామాబాద్‌లోనో, హైదరాబాద్‌లోనో కొంటే కలిసొస్తుందని కొందరు చెప్పారట. కానీ మహారాష్ట్రలో ఉండేవాళ్లు ఎక్కడ కొన్నా చివరికి ఆ రాష్ట్రంలోనే రిజిస్టర్ చేయించాల్సిందే. పది లక్షలు దాటి ఇరవైలోపు పెట్రోల్ కారుకు ఇక్కడ రోడ్డు పన్ను 12 శాతం. తెలంగాణలో అంతకంటే ఎక్కువే. మాట తెలుగైనా నంబరు ఎంహెచ్ 26 కావడానికి కారణం అదే.

కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు. తీరా కారు ఊరికి రాలేదు! ధర్మాబాద్ గోదాములో మిర్చి బస్తాల పక్కన తాటిపత్రి కప్పుకుని పద్దెనిమిది రోజులు ఉండిపోయింది.

ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబర్ వానలు నాందేడ్ జిల్లాను ముంచెత్తాయి. కోతకొచ్చిన సోయా చేలల్లోనే నానింది. కాయ లోపల గింజ మొలకెత్తింది. పత్తి కాయ నల్లబడింది. అక్టోబర్ 7న మహారాష్ట్ర ప్రభుత్వం రూ.31,628 కోట్ల ప్యాకేజీ ప్రకటించినా, పైసలు ఖాతాల్లో పడిందాకా రైతుకు నమ్మకం ఎక్కడిది? అలాంటప్పుడు ఊళ్లోకి కొత్త కారు.. అదీ వ్యాపారి కారు!

అడ్డుపడింది తల్లే. "ఊరోళ్ల సోయ కుళ్లుతుంటే మన ఇంటి ముంగట పూలదండ ఏసిన కారు నిలబెడ్తవా? నాకు మొహం చెల్లదు బిడ్డా" అన్నారట. ఆయన ఎదురు చెప్పలేదు. దీపావళి ముందు రోజు రాత్రి, దండలన్నీ తీసేసి, ఊరు పడుకున్నాక ఇంటికి తెచ్చారు.

తెల్లారాక తెలియకుండా ఉంటుందా? రెండిళ్ల అవతలి రైతు వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగారు. "మా మిర్చికి రేటు లేదంటవు. నీకు గిది యాడికెళ్లి వచ్చింది?" అన్నారు. నవ్వుతూ అన్నదే. కానీ ఆ మాట ఇప్పటికీ గుచ్చుతోందని యజమాని ఒప్పుకుంటున్నారు. "ఐదేండ్ల కిస్తీ అన్నా, నా సొంతం కాదది, బ్యాంకుది అని చెప్పిన. ఆయన నమ్మలే. నేనైనా నమ్మకపోదును". పేరు వద్దన్నది ఇందుకే.

బాపు ఎడమ కాలు

ఇంట్లో పెద్దాయన ముప్పయ్యేళ్లుగా ట్రాక్టర్ నడుపుతున్నారు. కొడుకు తాళం చేతికిస్తే సీట్లో కూర్చుని కిందికి చూశారు. ఉన్నవి రెండే పెడళ్లు. "క్లచ్ ఏదిరా?" అని అడిగారు. క్లచ్ లేదు, గేర్లు అవే పడతాయని చెబితే తలూపారు. వంద గజాలు బాగానే పోయింది. మూల మలుపు దగ్గర అలవాటు కొద్దీ ఎడమ కాలు లేచింది. క్లచ్ అనుకుని పూర్తిగా తొక్కింది బ్రేకు! కారు మేకు దిగినట్టు ఆగింది. వెనక సీట్లో ఉన్న అమ్మ చేతిలోని పాల చెంబు ముందు అద్దాన్ని ముద్దాడింది. డీఎస్‌జీ గేర్‌బాక్సు ఉన్న కారు కొన్న ఇళ్లలో ఈ కథ కొత్తేం కాదు. కుడి కాలు ఒక్కదానితోనే నడపాలి, ఎడమ కాలిని పక్కకు పెట్టి మరచిపోవాలి. పెద్దాయన ఆ రోజు దిగినవారు మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు.

డిక్కీ మాత్రం ఆయనకు తెగ నచ్చింది. 521 లీటర్ల జాగా. పది రోజులు కొడుకు అందులో ఏమీ పెట్టనివ్వలేదు. పదకొండో రోజు పెద్దాయనే మిర్చి బస్తా ఒకటి పెట్టేశారు. ఇప్పుడు ఏసీ వేస్తే కొత్త కారు వాసన బదులు అందరికీ తుమ్ములు!

మరాఠ్వాడాకు పాత చుట్టమే

నిజానికి ఇలాంటి కార్లకు మన ప్రాంతానికి చుట్టరికం ఉంది. ఇదే కంపెనీ 2001లో కార్ల తయారీ మొదలుపెట్టింది ఔరంగాబాద్ పక్కన షేంద్రాలో. ఆ నగరం 2023 నుంచి ఛత్రపతి సంభాజీనగర్. అక్కడ బిగించిన ఆక్టావియా ఆర్‌ఎస్ 2004లో రోడ్డెక్కింది. దేశంలో తొలి టర్బో పెట్రోల్ సెడాన్లలో అదొకటి. అప్పుడు 1.8 లీటర్ల ఇంజిన్ నుంచి తీసిన బలం 150 గుర్రాలు. రెండు దశాబ్దాల తర్వాత 1.5 లీటర్ల నుంచే అంతా వస్తోంది. ఈ స్లావియా మాత్రం 2022 నుంచి పుణె దగ్గరి చాకణ్‌లో తయారవుతోంది. 2025 అక్టోబర్‌లో వచ్చిన కొత్త ఆక్టావియా ఆర్‌ఎస్ 265 గుర్రాలది. విదేశం నుంచి వంద మాత్రమే తెప్పించారు. ఒక్కోటీ రూ.50 లక్షలకు వెయ్యి తక్కువ! ఇంకో ముచ్చట. స్లావియా అన్న పేరు ఒకప్పుడు ఆ కంపెనీ వ్యవస్థాపకులు అమ్మిన సైకిళ్లది.

చప్పుడు లేని వేగం

మొదటి 1,500 కిలోమీటర్లు ఇంజిన్‌ను పూర్తిగా తొక్కొద్దని కంపెనీ పుస్తకంలో ఉంది. కొత్త కోడెకు మొదటి సాలు అలవాటు చేసినట్టు నిదానంగా నడపాలి. యజమాని కొంత పాటించారు, కొంత లేదు. నవీపేట మీదుగా నిజామాబాద్ పోయే దారిలో లారీ అడ్డొస్తే డిజైర్‌లో గేరు దించి, పది లెక్కపెట్టి, దేవుణ్ని తలచుకుని దాటాల్సి వచ్చేది. ఇందులో కాలు వేస్తే చాలు, లారీ వెనకబడుతుంది. ఎదురుగా వచ్చే బండికి దొరక్కుండా దాటొచ్చు. ఈ కారుతో నిజమైన లాభం అదొక్కటేనని ఆయన అభిప్రాయం. వందకు ఎన్ని సెకన్లలో చేరుతుందన్నది కర్ఖేలిలో ఎవరికి కావాలి? ఊరు దాటేలోపే స్పీడ్ బ్రేకర్లు! పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని రోడ్డు ఇంజినీర్ల లెక్క. ఊళ్లలో ప్రమాదం జరిగిన మర్నాడు జనమే పోసుకునే గడ్డలకు ఆ లెక్క ఎక్కడిది? నేలకు, కారు పొట్టకు మధ్య ఎడం 179 మిల్లీమీటర్లు. నలుగురు ఎక్కితే ఒకచోట గీరుకోక తప్పడం లేదు.

అయితే అదే బలం నవంబర్‌లో ఒక రాత్రి ప్రాణం మీదికి తెచ్చింది. నిజామాబాద్ నుంచి వస్తూ బాసర దాటారు. రోడ్డు ఖాళీ. ఎదురుగా ఒక బైకు వస్తోందని లైటు కిందికి దించారు. బైకు దాటిన మరుక్షణం ఎదుట తెల్లటి గోడ! గోడ కాదు, పత్తి ట్రాలీ. రెండు పక్కలా పొంగిన లోడు. వెనక లైటు లేదు, మెరిసే పట్టీ లేదు. బ్రేకు మీద కాలు దిగింది. పెడల్ అదురుతూనే ఉంది. కారు ఎటూ జారకుండా నిలబడింది. ట్రాలీకి, బానెట్‌కు మధ్య మిగిలింది రెండు మూరలు.

మీటర్ మీద అప్పుడు ఎంతుంది? "అరవై అనుకున్న. ఎనభై దాటింది. డిజైర్‌ల ఎనభై అంటే ఇంజిన్ మొత్తుకునేది. ఇండ్ల చప్పుడే రాదు. అదే మోసం చేసింది" అంటున్నారాయన. లెక్క చూస్తే సంగతి అర్థమవుతుంది. ఎనభైలో సెకనుకు 22 మీటర్లు పోతాం. కిందికి దించిన లైటులో చూపు ఆనేది యాభై మీటర్లకు అటూఇటూ. చూసి, తేరుకుని, కాలు వేసేసరికే అందులో సగం ఖర్చు. ఇలాంటి రోడ్డు మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 70. 2023 గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ కారుకు ఐదు నక్షత్రాలు వచ్చాయి. నక్షత్రాలు లోపలున్నవాళ్లకు. ట్రాలీ మీద పత్తి బోరెం పరుచుకుని పడుకున్న ఇద్దరు కూలీలకు ఏ నక్షత్రమూ లేదు. ఆ రాత్రి కారు దిగి వాళ్లను చూశాకే చేతులు వణికాయని చెప్పారు.

మర్నాడు పరిమితి దాటితే మోగేలా కారులో గంట పెట్టుకున్నారు. నిజామాబాద్ నుంచి ఎర్రటి మెరుపు పట్టీల చుట్టలు నాలుగు తెచ్చారు. మొదటి పట్టీ అంటించింది బాపు ట్రాలీకే. సంగతి తెలిసి రెండిళ్ల అవతలి రైతు కూడా వచ్చారు. కారు వైపు చూడలేదు. "పట్టీ ఎంత?" అని అడిగారు. పైసలు వద్దంటే వినలేదు. జేబులోంచి నోటు తీసి బానెట్ మీద పెట్టి, చుట్ట పట్టుకుని వెళ్లిపోయారు.