పేరు ఓ.ఆర్.ఎస్. – లోపల ఏముంది?

బిడ్డకు నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే డాక్టరుగారు "ఓ.ఆర్.ఎస్. త్రాగించండి" అంటారు. తల్లి మందుల షాపుకు వెళ్ళి ఆ మూడు అక్షరాలే అడుగుతుంది. షాపువారు ఆ అక్షరాలున్న డబ్బానే ఇస్తారు. అందరూ సరిగానే మాట్లాడారు, కాని బిడ్డకు అందినది మందు కాకపోవచ్చు.

చాలా ఏళ్ళపాటు ఆ పేరుతో అమ్మిన డబ్బాల్లో కొన్ని పండ్ల రుచి కలిపిన తీపి పానీయాలే. చక్కెర ఎక్కువైతే అది పేగుల్లోకి నీటిని లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓ.ఆర్.ఎస్.లో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. గ్లూకోజ్, సోడియం కలిసి పేగు గోడలోంచి వెళ్తూ నీటిని వెంట తీసుకుపోతాయి. ఈ పాళ్ళు తప్పితే లాభం లేదు.

ఈ సంగతిని హైదరాబాద్‌లోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దాదాపు 8 ఏళ్ళపాటు విడవకుండా చెప్పారు. తల్లిదండ్రులకు చెప్పారు, వీడియోలలో చెప్పారు, 2022లో తెలంగాణ హైకోర్టుకూ వెళ్ళారు. అదే సంవత్సరం జూలైలో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓ.ఆర్.ఎస్. కాదు" అని లేబుల్‌పై వ్రాస్తే ఆ పేరు వాడుకోవచ్చని అనుమతించింది. అర్ధరాత్రి ఏడ్చే బిడ్డను చంకనేసుకొని వచ్చిన తల్లి ఆ వాక్యం వెతికి చదువుతుందా? వ్రాశాం గదా అనుకోవడం వేరు, ఎదుటివారికి అర్థమవడం వేరు. చివరకు 2025 అక్టోబరు 14న ఆ సంస్థ తన అనుమతిని వెనక్కు తీసుకుంది.

పొట్లం సరైనదే అయినా మాట తేడా వస్తే చిక్కే. "నీళ్ళలో కలిపి పట్టండి" అంటే ఎన్ని నీళ్ళు? లీటరు పొట్లాన్ని ఒక్క గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. 200 మిల్లీలీటర్ల చిన్న పొట్లాలూ ఉన్నాయి గనుక పైన ఉన్న కొలత తప్పక చూడండి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి. తల్లిపాలు మానవద్దు.

సికింద్రాబాద్‌లో ఒకే వరండాలో తెలుగు, ఉర్దూ, తమిళం వినబడతాయి. కాబట్టి మందు తీసుకొని వెళ్ళేముందు, "నేను ఇలా కలిపి, ఇన్నిసార్లు పట్టాలి, అంతేనా సిస్టర్?" అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. సిగ్గుపడవద్దు. సిస్టరుకు కూడా అదే మేలు. "అర్థమైందా?" అంటే అందరం తలే ఊపుతాం మరి! వాట్సాప్‌లో "డాక్టరుగారు చెప్పారు" అని వచ్చే సందేశంలో ఏ డాక్టరు, ఎప్పుడు చెప్పారో లేకపోతే మరొకరికి పంపకండి.

బిడ్డ ఏమీ త్రాగలేకపోయినా, కళ్ళు లోపలికి పోయినా, మగతగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం కనబడినా ఫోను చేసి అడుగుతూ కూర్చోవద్దు. దారిలో గుక్క గుక్కగా పట్టిస్తూ వెంటనే తీసుకొని రండి. మగతగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు.