నెల నెలా అద్దె కట్టే అటక

గత మే నెలలో ఓ మంగళవారం ఆఫీసులో ఉండగా ఫోనొచ్చింది. 'మీ స్నేహితుడి స్టోరేజ్ యూనిట్ అద్దె జమ కాలేదు. ఇలాగే ఉంటే మా తాళం వేస్తాం. ఆ తర్వాత వేలమే' అన్నారు అవతలి నుంచి. అత్యవసరమైతే పిలవమని నా నంబరు ఇచ్చిన సంగతే మర్చిపోయాను. ఆ యూనిట్ తాళంచెవి మాత్రం రెండేళ్లుగా మా వంటింట్లో కొక్కేనికి వేలాడుతూనే ఉంది.

అతనిది గుంటూరు. నన్ను 'అన్నా' అని పిలుస్తాడు. 2023 జనవరిలో ఐటీ కంపెనీలు వరసపెట్టి మనుషుల్ని తీసేస్తున్నప్పుడు అతని ఉద్యోగమూ పోయింది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఆ తర్వాత గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ గడువులో వేరే ఉద్యోగం దొరకలేదు. కారు అమ్మేశాడు. మిగిలిన సామానంతా డాలస్ శివార్లలో పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పున్న గదిలో సర్ది, ఒక తాళంచెవి నా చేతిలో పెట్టాడు. 'ఆరు నెలల్లో వచ్చేస్తానన్నా' అన్నాడు.

మన ఊళ్లలో అటక ఉండేది. ఆవకాయ జాడీలు, పెళ్లిళ్లకు దించే గంగాళాలు, విరిగిన ఉయ్యాల బల్ల అన్నీ దాని మీదే. దానికి అద్దె లేదు. ఇక్కడ టెక్సాస్‌లో బంకమట్టి నేల కాబట్టి ఇళ్లకు బేస్‌మెంట్లు అరుదు. అటక ఉన్నా వేసవిలో కొలిమిలా కాలుతుంది. అందుకే ఈ అద్దె గదులు. అమెరికాలో ఈ తరహా వ్యాపారం 1964లో మా రాష్ట్రంలోనే, ఒడెస్సా అనే చమురు బావుల ఊళ్లో మొదలైందని చెబుతారు.

శనివారం వెళ్లి షట్టర్ ఎత్తి, వీడియో కాల్ చేశాను. అక్కడ వాళ్లకు రాత్రి తొమ్మిదిన్నర. వెట్ గ్రైండర్, సోఫా, దేవుడి మందిరం, పాప చిన్న సైకిల్, చుట్టిన పరుపు. పాప వచ్చి తెరలోకి తొంగి చూసింది. 'ఆ సైకిల్ నాదా?' అంది. దానికిప్పుడు ఏడేళ్లు. సైకిల్ మూడేళ్ల పిల్లకు సరిపోయేది.

లెక్క వేశాం. మొదటి ఏడాది నెలకు 129 డాలర్లు. తర్వాత పెంచుతూ 186 చేశారు. 26 నెలలకు నాలుగు వేల డాలర్లు దాటింది. లోపలి సామానంతా అమ్మినా వెయ్యి రాదు. 'మరి ఇన్నాళ్లూ ఎందుకు కట్టావురా?' అన్నాను. కాసేపు మాట్లాడలేదు. 'ఖాళీ చేశానంటే ఇక రానని ఒప్పుకున్నట్టేగా అన్నా' అన్నాడు.

నేనేమీ అనలేకపోయాను. అతను కట్టింది సోఫాకు అద్దె కాదు.

బకాయి తీర్చి, రెండు వారాల్లో ఖాళీ చేశాం. గ్రైండర్ ఇక్కడి 110 వోల్టులది, గుంటూరులో నేరుగా పనిచేయదు. కొత్తగా వచ్చిన ఓ జంటకు ఇచ్చాం. సోఫా, పరుపు విద్యార్థుల గదికి చేరాయి. సైకిల్ మా పక్కింటి పాప తొక్కుతోంది. దేవుడి మందిరం, పెళ్లి ఆల్బమ్ మాత్రం మా ఇంట్లో ఉన్నాయి. ఎవరైనా ఇండియా వెళ్లేటప్పుడు పంపాలి.

మీరూ ఇలాంటి గది తీసుకోవాల్సి వస్తే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. మొదట చెప్పే అద్దె చాలాచోట్ల ఆఫర్ ధర మాత్రమే, తర్వాత పెరుగుతుంది. ఆటోపే పెట్టిన కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో రాసుకోండి. మా వాడి అద్దె ఆగింది అక్కడే. బకాయి పడితే నోటీసు ఇచ్చి సామాను అమ్ముకునే హక్కు యజమానికి చట్టమే ఇస్తుంది. టెక్సాస్‌లో అది ఆస్తి చట్టం 59వ అధ్యాయంలో ఉంది. బియ్యం, పచ్చళ్లు, గ్యాస్ సిలిండర్లు పెట్టొద్దు. సర్టిఫికెట్లు, బంగారం అసలే వద్దు. ఫొటోలు, ఎలక్ట్రానిక్ వస్తువులు ఉంటే ఏసీ ఉన్న యూనిట్ తీసుకోండి. బీమా ఎవరిదో ముందే అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, ఫలానా తేదీకి ఉంచాలో తీసేయాలో తేల్చుకుంటామని ఇంట్లో ముందే అనుకోండి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా గ్యారేజ్ తలుపు తీశాను. రెండు కార్లు పట్టే చోటు. కార్లు మాత్రం ఎప్పుడూ బయట ఎండలోనే ఉంటాయి. వెనక వరసలో టేపు కూడా విప్పని పెట్టె ఒకటి కనిపించింది. మీద మా ఆవిడ చేతిరాత. 'ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు, 2014.'

ఆమెను పిలిచాను. ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాం.

'విప్పుదామా?' అన్నాను.

'కత్తెర తెస్తాను ఉండండి' అంది.